ముగ్గుపిండితో గీసిన గ్రంథాలయము

(ఉగాది సభలో గ్రంథాలయోపసంఘము తరఫున చదివిన ప్రసంగ పాఠము)



ఈ పూట మన వాకిళ్లలో మామిడాకు తోరణము, పొరుగువారి వాకిళ్లలో గుడి. ఒకే పండుగను రెండు పేర్లతో చేసుకొనే ఊరు మన సోలాపురము. ఉదయము పచ్చడి తిన్నాము, పంచాంగము విన్నాము, ఆదాయ వ్యయములు, రాజపూజ్యావమానములు లెక్క చూచుకొన్నాము. ఇక మన సంఘము లెక్కలలో ఒకదానిని గురించి మాట్లాడవలసిన భారము మా ఉపసంఘము మీద పడినది. పిల్లల నాట్య ప్రదర్శన ఆలస్యమవుతున్నదని వెనుక వరుసలలోని తల్లులు మా వంక చూచే చూపులు మాకు తెలియకపోలేదు. కొంచెము ఓపిక పట్టండి. మేము చెప్పబోయేది ఆ పిల్లలు కూర్చోబోయే గదిని గురించే.

సంగతి మీకు తెలిసినదే. మన భవనము వెనుక భాగమును పడగొట్టి కొత్తగా కట్టవలెనని నిరుడు సర్వసభ్య సమావేశములో తీర్మానించుకొన్నాము. అందులో గ్రంథాలయమునకు ఒక అంతస్తు. ఇంజనీరుగారు పటము గీసి ఇచ్చినారు. చందాలు కొంత వచ్చినవి, కొంత రావలసి ఉన్నది. కార్యవర్గమువారు మమ్ములను పిలిచి, "బీరువాలు ఎన్ని కావలెనో వ్రాసి ఇవ్వండి, తక్కినది మేము చూచుకొంటాము" అన్నారు. ఆ ఒక్క అంకె వేయుటకు కాగితము ముందు పెట్టుకొని కూర్చున్నప్పుడే మాకు పాత గది జ్ఞాపకము వచ్చినది.

ఆ గది మేడమీద ఉండేది. 22 మెట్లు. దాతగారు గొప్ప మనసుతో కట్టించినారు, వారి పటమునకు ఈ ఉదయము కూడ దండ వేసినాము. గదికి ఏ లోటూ చేయలేదు. టేకు బల్లలు రెండు, అద్దాల బీరువాలు ఎనిమిది, గోడకు సరస్వతి పటము, ఒక గడియారము. ప్రారంభోత్సవము నాడు అందరము ఆ బల్లల చుట్టు కూర్చుండి ఫోటో తీయించుకొన్నాము. ఆ తరువాత ఆ బల్లల చుట్టు కూర్చున్నవారెవరు? మోకాళ్ల నొప్పుల పెద్దలు మెట్లెక్కలేదు. బీరువాల తాళపుచెవులు కార్యదర్శిగారి వద్ద ఉండేవి. కార్యదర్శిగారు ఉద్యోగమునకు పోయి, తిరిగి వచ్చేసరికి భవనములో దీపాలార్పే వేళ అయ్యేది. పుస్తకము అద్దములోనుండి కనబడును, చేతికి రాదు. కొన్నాళ్లకు బల్లలు పెండ్లి భోజనాలకని క్రిందికి దిగినవి, మరల పైకి ఎక్కలేదు. క్రమము తప్పక వచ్చిన చదువరులు చెదలే.

ఇందుకు ఎవరినో తప్పుపట్టుటకు లేదు. ఆనాటి ఉపసంఘములో మాలో ఇద్దరము ఉన్నాము. బీరువాల కొయ్య ఏ రకమో, అద్దము ఎంత మందమో గంటలకొలది వాదించుకొన్నాము. గది ఎవరికొరకో వారిని మాత్రము ఒక్క మాటయినా అడుగలేదు.

అందుచేత ఈసారి అడుగుదామనుకొన్నాము. అడుగుటలోను మొదట బోర్లపడినాము. మంచి గ్రాంథికములో ఒక ప్రశ్నావళి అచ్చు వేయించి ఇంటింటికి పంచినాము. తిరిగి వచ్చినవి 11 కాగితములు. వాటిని నింపినవారందరు ఇండ్లలో ఇదివరకే పుస్తకములున్నవారు. ఒక వీధిలో ఒక పెద్దమ్మ మా కాగితమును అటు ఇటు తిప్పి చూచి, "ఇది చదువొచ్చేటోళ్లకు మల్ల వాచనాలయం ఎందుకు బిడ్డా? రానోళ్లకు గదా కావలె" అని తిరిగి చేతికిచ్చినది. మేము మారు మాటాడలేక వచ్చినాము. (వాచనాలయము మరాఠీవారి మాట. మన పేటలలో గ్రంథాలయమంటే ఒక క్షణము ఆలోచింతురు, వాచనాలయమంటే వెంటనే తెలియును. దానితో మాకేమీ తగవు లేదు.)

చదువరి రాలేదని చింతించుచు కూర్చోక, చదువరి ఉన్నచోటికి పుస్తకమును నడిపించినవారు మన పెద్దలలోనే ఉన్నారు. 1914లో అయ్యంకి వెంకట రమణయ్యగారు మొదలైనవారు బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును స్థాపించిన పిదప తెలుగునాట ఊరూర పఠన మందిరములు వెలసినవి. ఆ ఉద్యమములో మాకు మిక్కిలి నచ్చినది ఒక చిన్న పని. 1935లో పాతూరి నాగభూషణముగారు గుంటూరు జిల్లాలో కొల్లూరు, పెదవడ్లపూడిల నడుమ కాలువమీద తిరిగే పడవలలో పుస్తకములు ఉంచినారు. పడవ మెల్లగా పోవును, ప్రయాణికునికి చేయుటకు పని లేదు, మధ్యలో దిగి పోవుటకు దారి లేదు. తీరిక ఎక్కడ ఉన్నదో కనిపెట్టి అక్కడికి పుస్తకమును పంపినారు. అంతకు నాలుగేండ్లకు ముందు, 1931లో, తమిళదేశమున మన్నారుగుడి దగ్గర రెండెద్దుల బండిమీద పుస్తకములు పల్లెలకు పోయినవి.

ఆ సంవత్సరమే మద్రాసులో రంగనాథన్ గారి పంచసూత్రముల గ్రంథము వెలువడినది. వారు గణితోపాధ్యాయులు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయమునకు అధికారిగా వచ్చి, మొదట ఆ నిర్జన ప్రదేశములో పొద్దు గడవక కళాశాలకే తిరిగి పోదామనుకొన్నారట. తరువాత ఇంగ్లండు వెళ్లి అక్కడి గ్రంథాలయములు జనముతో ఎట్లు కళకళలాడుతున్నవో చూచి వచ్చి, ఇక్కడి అరలను చదువరులకు తెరిచి పెట్టినారు. వారి మొదటి సూత్రము పుస్తకముల వాడుకను గురించినది. మాకు ఆశ్చర్యము కలిగించినదేమనగా, ఆ సూత్రము క్రింద వారు వేదాంతమేమీ చెప్పలేదు. గ్రంథాలయము ఊరిలో ఏ చోట ఉండవలెను, ఏ వేళలలో తెరిచి ఉంచవలెను, బల్లలు, కుర్చీలు, అరలు ఎట్లుండవలెను, అక్కడి సిబ్బంది ఎట్టివారు కావలెను అని, ఇవే చర్చించినారు. మన 22 మెట్లు, మన తాళపుచెవి, ఈ రెంటితోనే మనము మొదటి సూత్రమును దాటలేకపోయినాము. తక్కిన నాలుగింటి జోలికి పోవలసిన పనియే లేదు.

సరే, ప్రశ్నావళిని కట్టిపెట్టి, మూడు వారములు ఊరక చూచుట మొదలుపెట్టినాము. మన పేటలలో ఎవరు ఏ వేళ ఎక్కడ కూర్చుంటారు, ఎవరి చేతిలో పని ఉన్నది, ఎవరి చేయి ఖాళీ. తాతల నాడు కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ, పాలమూరు వైపులనుండి మగ్గము పని వెదుకుకొంటూ వచ్చిన మనకు ఈ లెక్క కొత్త కాదు గాని, కాగితముమీద పెట్టి ఎన్నడును చూడలేదు. మరమగ్గముల మీద రాత్రి పాళీ చేసినవారు ఉదయము నిద్రపోయి పదకొండు, పన్నెండు గంటలకు లేచి అరుగులమీద కూర్చుంటారు. అప్పుడు గ్రంథాలయము మూసి ఉండును. పనులు మానుకొన్న ముసలివారు నాలుగు గంటలకు టీ బండి దగ్గర చేరుతారు. ఒకరు పత్రిక చదువుతారు, తక్కినవారు చెవి దగ్గర చేయి పెట్టి వింటారు. ఏండ్ల తరబడి మగ్గముల చప్పుడులో నిలిచినవారి చెవులు అవి. పటములో వీరి కొరకు గీసిన "నిశ్శబ్ద పఠన విభాగము" చూచినప్పుడు మాకు నవ్వు, బాధ రెండును కలిగినవి. వీరికి కావలసినది బిగ్గరగా చదివే గది.

ఇక స్త్రీల సంగతి. ఇక్కడనే మా ఉపసంఘము రెండుగా చీలినది, కనుక కొంచెము విపులముగా చెప్పవలసి ఉన్నది.

మన ఇండ్లలో బీడీలు చేసే తల్లులు, అక్కలు ఎందరో ఉన్నారు. ఆకు నానబెట్టి, రేకు పెట్టి కత్తిరించి, ఒడిలో చేట పెట్టుకొని చుట్టే ఆ పనిలో చేతులకు, కన్నులకు తీరిక లేదు. ఉన్న తీరిక చెవులకే. చేసిన బీడీలు బ్రాంచిలో అప్పజెప్పి, మరల ఆకు, తంబాకు తెచ్చుకొను వేళ వరుసలో కూర్చుండవలెను. కాలువ పడవలోని ప్రయాణికుని స్థితియే అది. మేము వారిని, "మీకు గ్రంథాలయములో ఏమి కావలెను?" అని అడిగితే, "మాకెందుకయ్యా, పిల్లలకు పెట్టండి" అన్నారు. "నిన్న మధ్యాహ్నము ఏమి చేసినారు?" అని అడిగితే కథ వేరుగా వచ్చినది. ఒక ఇంటి వాకిట నలుగురు కూర్చుండి బీడీలు చేస్తుండగా, తొమ్మిదవ తరగతి పిల్ల తన పాఠ్యపుస్తకములోని మరాఠీ కథను బిగ్గరగా చదువుతూ, అర్థము కానిచోట తెలుగులో చెప్పుతున్నదట. అనగా గ్రంథాలయము అప్పటికే నడుస్తున్నది. మనము గది కట్టలేదు, అంతే.

దీనిమీద ఒక అక్క, "చేట తెచ్చుకొని అక్కడ కూసుంటే రానిస్తరా?" అన్నది. ఆ మాటను ఉపసంఘములో పెట్టగా పెద్ద దుమారము లేచినది. సరస్వతీ మందిరములో తంబాకా అని కొందరు. తంబాకు దుమ్ము పిల్లల ఊపిరితిత్తులకు చెరుపు, పుస్తకములకు చెరుపు అని కొందరు. ఈ రెండవ మాట కాదనరానిది. పనియే మాన్పించవలసినది పోయి దానికి పీట వేయుదురా అని ఒకరు. పని మాన్పించుట మన చేతిలో లేదు, వినుటకు చోటు ఇచ్చుట మన చేతిలో ఉన్నదని మరొకరు. రెండు సమావేశములు దీనితోనే సరిపోయినవి.

బీడీపనికి, చదువుకు సంబంధము కొత్తది కాదు. కేరళమున కన్ననూరు బీడీ కార్ఖానాలలో ఒకరు చదువుతుంటే తక్కినవారు చుట్టుతూ వినేవారు. ఉదయము పత్రికలు, తరువాత కథలు, నవలలు. చదివినవాని కూలి పోకుండ అతని వంతు బీడీలను తక్కినవారు తలా కొన్ని చేసి ఇచ్చేవారు. 1969లో ఏర్పడిన దినేశ్ బీడీ సహకార సంఘపు పనిశాలలలోను ఆ ఆచారము సాగినది. ఇంతకంటె పాతది క్యూబా దేశములో ఉన్నది. హవానా చుట్టల కార్ఖానాలలో 1865 నుండి ఎత్తయిన పీటమీద ఒక చదువరిని కూర్చుండబెట్టి, ఆయన జీతము కార్మికులే చందా వేసుకొని ఇచ్చి, ఏ పుస్తకము చదువవలెనో వారే ఎన్నుకొనేవారు. మాంటీక్రిస్టో అను పేరుగల చుట్ట అక్కడ అట్లు విన్న నవల పేరుమీదనే వచ్చినదంటారు. ఇక్కడ గమనించవలసినది ఒకటి కలదు. ఈ రెండు చోట్లను ఎవరో పెద్దలు దయతలచి పనివారికి పఠనశాల కట్టి ఇచ్చినది లేదు. పనివారే తమ పని గదిని పఠనశాలగా మార్చుకొన్నారు.

ఈ సంగతులు మేము మన స్త్రీలకు చెప్పినప్పుడు వారు అడిగిన మొదటి ప్రశ్న, "చదివే పిల్లకు కూలి ఎవరిస్తరు?" అని. మా ఉపసంఘములో ఇంతమంది చదువుకొన్నవారము ఉండి ఒక్కరికిని ఈ ప్రశ్న తోచలేదు.

మాలో ఒకరి మేనకోడలు పూనాలో గ్రంథాలయ శాస్త్రము చదువుతున్నది. సెలవులకు వచ్చి మా తగవులు విని, "మామయ్యా, మీరు మాటలతోనే గది కట్టుతున్నారు. మాటలలో అందరికి అన్నీ సరిగానే ఉంటవి" అన్నది. ఆ పిల్ల రెండు ఉదాహరణములు చెప్పినది.

ఒకటి స్వీడన్ దేశమునది. 1981 మొదలు 1985 వరకు ఉత్తర ఐరోపాలోని అచ్చుపనివారల సంఘములు, కొందరు పరిశోధకులు కలిసి యుటోపియా అను ప్రణాళికను నడిపినారు. పత్రికా కార్యాలయములకు కంప్యూటర్లు వస్తున్న రోజులవి. పుటలు కూర్చే పనివారికి ఆ యంత్రములు ఎట్లుంటే అనుకూలమో తేల్చవలెను. ఆ యంత్రములా, ఇంకను తయారు కాలేదు. అందుకని పలక చెక్కలతో, అట్టపెట్టెలతో ఉత్తుత్తి యంత్రములు చేసినారు. ఒక ఖాళీ అట్టపెట్టె మీద లేజర్ ప్రింటరు అని వ్రాసి పెట్టినారు. పనివారు వాటి ముందు నిలిచి, నిజముగా పుట కూర్చుతున్నట్లే చేతులు ఆడించి, ఇది అందదు, అది అడ్డము, ఇక్కడ ఇద్దరు నిలువరాదు అని చెప్పినారు. పటము చూపించి అడిగితే తల ఊపి ఊరుకొనే మనిషి, పెట్టె ముందు నిలిచేసరికి దానిని పక్కకు జరిపినాడు.

రెండవది అమెరికాలో రోచెస్టర్ విశ్వవిద్యాలయమునది. 2004 నుండి 2006 వరకు అక్కడి గ్రంథాలయమువారు నాన్సీ ఫ్రీడ్ ఫాస్టర్ అను మానవశాస్త్ర నిపుణురాలిని పెట్టుకొని తమ విద్యార్థులను గమనించినారు. వారి చేతికి కెమేరాలిచ్చి మీరు చదువుకొనే చోట్లను ఫోటో తీసి తెండన్నారు. పెద్ద పెద్ద కాగితములు, రంగులు ఇచ్చి మీకు నచ్చే గ్రంథాలయమును గీయండన్నారు. తెలిసినదేమనగా, పిల్లలు వ్యాసములతో కుస్తీ పట్టేది అర్ధరాత్రి, సహాయము చేయవలసిన గ్రంథాలయోద్యోగులు ఇండ్లకు పోయేది సాయంత్రము. కోట్ల రూపాయల గ్రంథాలయమైనా కథ మన తాళపుచెవి కథయే.

మనకు పలక చెక్కలు లేవు. సోలాపురములో చద్దర్లు కట్టే అట్టపెట్టెలకు కొదువ లేదు. ముగ్గు పెట్టే చేతులకు అసలే లేదు. ఒక ఆదివారము ఈ హాలులోనే కుర్చీలు తీసివేసి, ఇంజనీరుగారి పటములోని గదిని ఉన్నదున్నట్లు నిజమైన కొలతలతో నేలమీద ముగ్గుపిండితో గీయించినాము. గోడలు, గుమ్మములు, కిటికీలు అన్నీ ముగ్గే. బీరువాలున్నచోట అట్టపెట్టెలు పటములోని ఎత్తుకు పేర్చినాము. బల్లలకు బల్లలే పెట్టినాము. తరువాత అందరిని పిలిచి, "ఇది కొత్త వాచనాలయము. రండి, పుస్తకము తీసుకొని చదువుకొని పొండి" అన్నాము.

మొదట పిల్లలు వచ్చినారు. పై రెండు అరలు పదేండ్ల పిల్లవానికి అందలేదు. వాడు క్రింది పెట్టెమీద కాలు పెట్టి ఎక్కగా మొత్తము కూలి వాని నెత్తిన పడినది. నిజమైన బీరువా కాకపోవుట మన అదృష్టము. చేతికర్ర పట్టుకొన్న పెద్దాయన ఒకరు రెండు వరుసల నడుమకు పోయి తిరుగుటకు చోటు లేక వెనుకకు అడుగులు వేస్తూ వచ్చినారు. గుమ్మమునకు ఎదురుగా అధికారి బల్ల ఉన్నది. ఆడపిల్లలు గుమ్మము దగ్గరనే ఆగిపోయినారు. కారణము అడుగగా, "లోపలికి పోంగనే ఒక అంకుల్ ఏం కావలె అని అడుగుతడు. ఏం కావాల్నో చూస్తే గదా తెలిసేది" అన్నారు. అరలను తెరిచి పెట్టిన రంగనాథన్ గారికి ఈ పిల్లల మాట వినబడి ఉంటే సంతోషించేవారు. నాలుగు గంటలకు పడమటి కిటికీ నుండి వచ్చిన ఎండ సరిగ్గా ముసలివారి బల్లమీద పడినది. మన ఊరి చైత్రవైశాఖముల ఎండ మీకు చెప్పవలసినది కాదు.

ఇంజనీరుగారిని కూడ పిలిచినాము. మొదట వారికి కొంచెము కష్టము తోచినది. పటము గీయుట తమ వృత్తి, అందులో పదిమంది చేయి పెట్టుట ఎవరికైనను రుచించదు. కాని వచ్చి, చెప్పులు విడిచి, ముగ్గు చెరగకుండ అడుగులు వేస్తూ లోపల ఒకసారి తిరిగి, అధికారి బల్లను తామే జరిపించినారు. ఒక గుమ్మమును తుడిచి మరొకచోట పెట్టించినారు. సాయంత్రమునకు ముగ్గు నాలుగుసార్లు మారినది.

పిల్లలకు కాగితములు, రంగులు ఇచ్చి వారి గ్రంథాలయమును గీయమన్నాము. మగపిల్లలు ఎక్కువమంది క్యారమ్ బల్ల, చల్లని గాలి యంత్రము గీసినారు. అడిగినవన్నీ ఇవ్వవలెనని మా మతము కాదు. రెండింటిని త్రోసిపుచ్చినాము. ఒక ఆడపిల్ల మాత్రము పుస్తకములకంటె ముందు మరుగుదొడ్డి గీసి, దానికి లోపలి గడియను పెద్దదిగా ఎర్ర రంగుతో వేసినది. పటములో ఆ అంతస్తులో మరుగుదొడ్డి లేదు. ఆడపిల్లలు అరగంటకుమించి మన భవనములో ఎందుకు ఉండరో మాకు ఇన్నేండ్లకు తెలిసినది. మాలో ఆడపిల్లల తండ్రులు నలుగురు ఉన్నారు.

మరొక సంగతి పెద్దలకు కొంచెము కష్టముగా ఉండవచ్చును. మన పిల్లలు ఇంట తెలుగు మాటాడుతారు, బడిలో మరాఠీ చదువుతారు, చేతి ఫోనులో హిందీ, ఇంగ్లీషు వింటారు. తెలుగు అక్షరములు చదువగలవారు తక్కువ. మన 8 బీరువాలలోని పుస్తకముల వీపులమీద పేర్లన్నీ తెలుగు అక్షరములలో ఉన్నవి. అనగా ఆ పిల్లలకు అవి రంగు కాగితములే. ముగ్గు గదిలో ఒక పిల్లవాడు పుస్తకము తీసి తిప్పి, బొమ్మలు చూచి మరల పెట్టినాడు. ప్రక్కనున్న నాయనమ్మను చదివి చెప్పమన్నాడు. ఆమెకును రాదు. ఇద్దరు ఒకరినొకరు చూచుకొని నవ్వుకొన్నారు. మాకు మాత్రము నవ్వు రాలేదు. ఇంట్లో మాట ఇద్దరిదీ ఒకటే, ఆ మాటను అచ్చులో చూపించితే ఇద్దరికీ పరాయిది. పిల్లలే ఒక ఉపాయము చెప్పినారు. పుస్తకము పేరు రెండు లిపులలోను వ్రాయండి, ఒకే కథ తెలుగులోను మరాఠీలోను ఉంటే ప్రక్కప్రక్కన పెట్టండి, మేము పోల్చి చదువుకొంటాము అని. ఇది తెలుగునకు తక్కువతనమని ఉపసంఘములో ఒకరు అన్నారు. తాళము వేసిన తెలుగు ఎక్కువతనమా అని మరొకరు అన్నారు. చీటీలు రెండు లిపులలో వ్రాయుటకు ఒప్పుకొన్నాము. పని అప్పుడే మొదలైనది. వ్రాసేవారు పిల్లలే.

చేటల తగవునకు కూడ ముగ్గే దారి చూపినది. గది ముందు వసారా ఒకటి గీసి, గదికి వసారాకు నడుమ కిటికీ పెట్టినాము. చదివే పిల్ల కిటికీ దగ్గర లోపల కూర్చుండును, చేటలు బయట వసారాలో ఉండును, మాట వెలుపలికి పోవును, దుమ్ము లోపలికి రాదు. అక్కలు వసారాలో కూర్చుండి చూచి, కిటికీ చాల ఎత్తున ఉన్నదన్నారు. నేలమీద కూర్చున్నవారికి వినబడవలె గదా అని కిటికీని నేలకు రెండడుగుల ఎత్తుకు దించినారు. ముసలివారు కూడ ఆ వసారాయే తమకు బాగున్నదన్నారు. ఇది అందరికి పూర్తిగా నచ్చినదని మేము చెప్పము. దుమ్ము సంగతిలో మాలో ఇద్దరికి సందేహము తీరలేదు. చదివే పిల్లకు ఇచ్చే గౌరవ వేతనము కూడ తేలలేదు. తలా కొన్ని బీడీలు వేసుకొందుమని అక్కలు అంటున్నారు. అది వారిమీద వేయుట మర్యాద కాదు, సంఘమే ఇవ్వవలెనని మా అభిప్రాయము.

తేలని సంగతులు ఇంకను ఉన్నవి. కుంభారిలో బీడీ కార్మిక స్త్రీల కొరకు కట్టిన 10,000 ఇండ్ల కాలనీకి మన కుటుంబములు ఎన్నో పోయినవి. వారు బస్సెక్కి ఈ గదికి రావలెననుట న్యాయము కాదు. అక్కడికి వారమునకొకసారి పెట్టెలో పుస్తకములు పంపవలెనా, బ్రాంచి వరుసల దగ్గర ఒక పెట్టె పెట్టుటకు అనుమతి అడుగవలెనా అనునవి వారినే అడిగి తేల్చవలసినవి. మధ్యాహ్నము పదకొండు నుండి తెరిచి ఉంచుటకు మనిషి ఎవరు, జీతమెంత అనునదియు మిగిలినది. ముగ్గులో గోడ జరుపుట సులభమే గాని మనిషి జీతము జరుపుట అంత సులభము కాదని కోశాధికారిగారు మాకు గుర్తు చేసినారు.

ఇక కార్యవర్గమునకు మా విన్నపము. బీరువాల సంఖ్య మేము వ్రాసి ఇవ్వలేదు. అందుకు క్షమించవలెను. పునాదికి ముహూర్తము వచ్చే నెలలో పెట్టినారని విన్నాము. దానిని రెండు నెలలు ఆపి, గ్రంథాలయమును మేడమీదనుండి నేల అంతస్తునకు దించి, భోజనశాలను పైకి పంపవలెనని మేము కోరుతున్నాము. పెండ్లి భోజనమునకు మెట్లు ఎక్కనివారు లేరు. దీనివలన హాలు అద్దెలు కొంత తగ్గునని మాకు తెలియును. తగ్గే మొత్తమును లెక్క వేసి కాగితము కార్యదర్శిగారికి అందజేసినాము. రేపటి సర్వసభ్య సమావేశములో దీనిమీద ఓటు జరుగును.

ఓటు వేయుటకు ముందు ఒక పని చేయండి. నాట్య ప్రదర్శన ముగియగానే కుర్చీలు తీయించి, ఈ హాలులో ముగ్గు మరల వేయిస్తున్నాము. ఈసారి వసారాతో, దించిన కిటికీతో, మరుగుదొడ్డితో. ఇండ్లకు పోయే ముందు లోపల ఒకసారి తిరిగి పొండి. మోకాళ్ల నొప్పులవారిని ముందు పంపండి. చేటలు తెచ్చుకొనేవారు తెచ్చుకోవచ్చును, ఈ రాత్రికి ఖాళీ చేటలు చాలును. చెప్పులు మాత్రము బయట విడువండి, ముగ్గు చెరుగును.